నాది కాని ఉత్తరానికి నా జవాబు

నా పేరుతో ఈ భూమ్మీద ఇంకో ఆరుగురైనా ఉన్నారు. నేనేమీ వెతుక్కుంటూ వెళ్ళలేదు, నా ఇన్‌బాక్సే చెప్పింది. ఒకాయన టెక్సాస్‌లో ఉంటాడు, ఆర్నెల్లకోసారి పళ్ళు క్లీనింగ్ చేయించుకోవాలి, పోయినసారి ఎగ్గొట్టాడు. ఇంకొకాయన మెల్‌బోర్న్‌లో జిమ్ముకి డబ్బు కడతాడు గానీ వెళ్ళడు. గుంటూరాయనకి చిట్టీ ఉంది, రెండు వాయిదాలు బాకీ. హైదరాబాదాయన శంకర్‌పల్లి వైపు ప్లాటు చూడ్డానికి వెళ్ళి, ఆ సేల్స్ కుర్రాడి చేతిలోంచి బయటపడలేక ఏదో ఒక మెయిల్ ఐడీ రాసిచ్చి వచ్చేశాడు. ఆ "ఏదో ఒకటి" నాది.

తప్పు మా బాబాయిది. 2005లో జీమెయిల్ కావాలంటే ఎవరో ఒకరు ఇన్విటేషన్ పంపాలి. ఆయనకి ఓ ఫ్రెండు పంపితే, తనకొకటి తీసుకుని, అప్పటికి మూడో తరగతి చదువుతున్న నా పేరు మీద ఇంకొకటి తీసిపెట్టాడు, ఊరి బయట స్థలం కొని పడేసినట్టు. ఇంటిపేరులో మొదటి అక్షరం, పక్కన పేరు, అంతే. వెనకాల అంకెలేవీ లేవు. తర్వాత వచ్చిన నా పేరువాళ్ళందరికీ చివర 84 అనో 1991 అనో తగిలించుకోక తప్పలేదు. ఫారం నింపేటప్పుడు ఆ అంకె మర్చిపోయారంటే మెయిల్ తిన్నగా నా దగ్గరికే. మధ్యలో చుక్క పెట్టినా లాభం లేదు, జీమెయిల్ చుక్కల్ని లెక్కచేయదు.

మొదట్లో డిలీట్ చేసేవాణ్ణి. తర్వాత అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కేవాణ్ణి. ఆ తర్వాత ఉద్యోగంలో చేరాను, బెంచి మీద మూడు నెలలు కూర్చోబెట్టారు. అప్పుడు మొదలైంది జవాబులివ్వడం.

మొదటి బాధితుడు ప్లాట్ల కుర్రాడే. "అయ్యా, ప్లాటు బాగుంది. కానీ తూర్పు ఫేసింగ్ అన్నారు. మా గేదె పడమర చూస్తే గానీ పాలివ్వదు. వాస్తులో గేదెలకేమైనా మినహాయింపు ఉందా?" అని రాశాను. అరగంటలో జవాబు. "సర్, వెస్ట్ ఫేసింగ్ కూడా అవైలబుల్. గజానికి 500 ఎక్కువ పడుతుంది." నవ్వు ఆగలేదు. ఆ మనిషి మీద గౌరవం కూడా కలిగింది.

ఈ పని నాకంటే ముందు ఎవరెవరు చేశారో చూద్దామని చదవడం మొదలుపెడితే ఎక్కడెక్కడికో వెళ్ళింది. ఆ కథే ఇది.

1864 మే నెల, లండన్. రాత్రి పొద్దుపోయాక కొందరు రాజకీయ ప్రముఖుల ఇళ్ళకి టెలిగ్రాములొచ్చాయి. ఆ రోజుల్లో రాత్రిపూట టెలిగ్రాం అంటే ఎవరో పోయారనో, ఏదో యుద్ధమనో గుండె ఆగాల్సిందే. (మన ఊళ్ళల్లో మాత్రం? తంతి వచ్చిందంటే విప్పకముందే ఏడుపులు మొదలయ్యేవని మా నాయనమ్మ చెప్పేది.) విప్పి చూస్తే, హార్లీ స్ట్రీట్‌లో గేబ్రియల్ అనే పళ్ళ డాక్టర్ల దవాఖానా అక్టోబరు దాకా పది నుంచి ఐదు వరకు తెరిచి ఉంటుందని ప్రకటన. ఒకాయనకి ఒళ్ళు మండి టైమ్స్ పత్రికకి ఉత్తరం రాశాడు. ఈ గేబ్రియల్ ఎవరో నాకు తెలీదు, నాతో ఏ లావాదేవీ లేదు, ఏ హక్కుతో నన్ను లేపారు అని అడిగాడు. పత్రిక వేసింది. టెలిగ్రాం అందని వాళ్ళకి కూడా ఆ పళ్ళ డాక్టర్ల సంగతి తెలిసిపోయింది, పైసా ఖర్చు లేకుండా! స్పామ్‌కి జవాబిస్తే లాభపడేది ఎవరన్న ప్రశ్న అప్పటినుంచీ ఉందన్నమాట. టెక్సాస్ పళ్ళ డాక్టరు దగ్గర్నుంచి రిమైండర్ వచ్చినప్పుడల్లా నాకు ఈ లండన్ వాళ్ళే గుర్తొస్తారు.

గేబ్రియల్ వాళ్ళు అమాయకులు, నిజంగానే పళ్ళు పీకేవాళ్ళు. అంతకు ముందే ఇంకో రకం ఉత్తరాలుండేవి. ఫ్రాన్సులో విదోక్ అని ఒకాయన, దొంగగా మొదలుపెట్టి పోలీసు డిటెక్టివ్ విభాగానికి అధిపతి అయ్యాడు. 1828లో వచ్చిన తన ఆత్మకథలో జైలు ఖైదీలు రాసే కొన్ని ఉత్తరాల గురించి చెప్పాడు. వాటికి జెరూసలేం ఉత్తరాలని పేరు. "నేనొక జమీందారు దగ్గర నౌకర్ని. విప్లవంలో పారిపోతూ మా దొరగారి నగల పెట్టె దాచాం. ఇప్పుడు నేను జైల్లో ఉన్నాను, కొంచెం డబ్బు పంపితే..." ఈ ధోరణి. దొరని తీసి నైజీరియా మంత్రిగారి భార్యని పెట్టండి, నగల పెట్టె బదులు బ్యాంకు ఖాతా పెట్టండి, మన తరం చదివిన మెయిలే. విదోక్ చెప్పిన లెక్క ఏమిటంటే నూటికి ఇరవై ఉత్తరాలకి జవాబు వచ్చేదట. ఇరవై శాతం! ఈ రోజు ఏ మార్కెటింగ్ టీమూ కల్లో కూడా చూడలేని రెస్పాన్స్ రేటు.

సరే, మన వృత్తికి దగ్గరగా వద్దాం. 1978 మే. ఆర్పానెట్‌లో ఉన్నవాళ్ళందరి పేర్లూ అచ్చేసిన ఒక డైరెక్టరీలో పట్టేసేవి. డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్ మార్కెటింగ్‌లో గేరీ థర్క్ అనే ఆయన ఆ డైరెక్టరీ ముందు పెట్టుకుని, అమెరికా పడమటి తీరంలో ఉన్న అడ్రసులన్నీ టైపు చేయించి, కొత్త డెక్‌సిస్టం-20 యంత్రాల డెమోకి రమ్మని సుమారు 400 మందికి ఒకే మెయిల్ కొట్టించాడు. మొత్తం పెద్దక్షరాల్లో. ఆ మెయిల్ ప్రోగ్రాం అన్ని అడ్రసులు పట్టేలా రాసింది కాదు. "టు" గడి నిండిపోయింది, మిగతా అడ్రసులు పొర్లి మెసేజ్ లోపలికి వచ్చి పడ్డాయి. అంటే ప్రపంచంలో మొట్టమొదటి ఈమెయిల్ స్పామ్ బఫర్ ఓవర్‌ఫ్లోతో విడుదలైంది. టెస్టింగ్ లేకుండా ప్రొడక్షన్‌లో పెట్టడం మనతో మొదలవలేదు, ఊరట చెందండి :)

జవాబులు భగ్గుమన్నాయి. ఆర్పానెట్ చూసుకునే మిలిటరీ అధికారి ఇది నియమాలకి పూర్తిగా విరుద్ధమని గట్టిగా రాశాడు. అందులో నాకు బాగా నచ్చింది ఎంఐటీ నుంచి వచ్చిన ఓ కుర్రాడి జవాబు. పేరు రిచర్డ్ స్టాల్‌మన్, అప్పటికి పాతికేళ్ళు. ఆ మెయిల్ నాకు రాలేదు గానీ వచ్చినా నాకేం ఇబ్బంది ఉండేది కాదు, ఎవరికో పిల్లలు పుట్టారన్న కబుర్లు నాకు బోలెడు వస్తుంటాయి, వాటికంటే డెమో నయం కదా అన్నాడు. అక్కడితో ఆగకుండా, నెట్‌లో పెళ్ళిసంబంధాల్లాంటివి... అంటే డేటింగ్ సర్వీసు పెడితే కూడా పెద్దలు కోప్పడతారా, కోప్పడినా సరే ఎవరైనా పెడితే నాకు మాత్రం మెయిల్ చేయండి అని రాశాడు. ఆ తర్వాత ఎవరో పాపం ఆ అసలు మెయిల్ ఆయనకి ఫార్వర్డ్ చేశారు. చూసి వెంటనే నాలిక్కరుచుకున్నాడు. విషయం ఏదైనా కానీ, అంత పొడుగు హెడర్‌తో మెయిల్ పంపే హక్కు ఎవరికీ ఉండకూడదన్నాడు. అంటే తనకి రానంత సేపూ స్వేచ్ఛావాది, వచ్చిన మరుక్షణం మనలాంటివాడే.

ఇంతకీ థర్క్‌గారికి ఏమైంది? చీవాట్లు పడ్డాయి. కోటి డాలర్లకి పైగా యంత్రాలు అమ్ముడయ్యాయని ఆయన తర్వాత చెప్పుకున్నాడు.

స్పామ్ అన్న పేరు సంగతి మీకు తెలిసే ఉంటుంది. 1937లో వచ్చిన డబ్బా మాంసం, దాని మీద 1970లో మాంటీ పైథాన్ వాళ్ళు వేసిన హాస్య నాటిక, అక్కణ్ణుంచి కంప్యూటర్లకి. దాని మీద ఎక్కువ సేపు ఆగను.

1994 మాత్రం మనవాళ్ళు గుర్తుపెట్టుకోవాల్సిన ఏడాది. ఏప్రిల్ 12న అరిజోనాలో కాంటర్, సీగెల్ అనే భార్యాభర్తలు, ఇద్దరూ లాయర్లు, యూజ్‌నెట్‌లో వేల చర్చా బృందాల్లో ఒకే ప్రకటన గుమ్మరించారు. ఏమమ్మడానికి? గ్రీన్ కార్డు లాటరీ! నామమాత్రపు పనికి ఫీజు తీసుకుని అప్లికేషన్ నింపి పెడతారట. అప్పటికే అమెరికాలో ఎమ్మెస్సులు చదువుతున్న మనవాళ్ళు యూజ్‌నెట్‌లో బాగానే ఉండేవాళ్ళు. గ్రీన్ కార్డు అన్న మాట కనిపించగానే ఎవరికైనా చెయ్యి ఆగుతుందా? కానీ ఆ లాటరీ ఐదేళ్ళలో 50 వేల మందికి పైగా వలస వచ్చిన దేశాలవాళ్ళకి కాదు. ఇండియాలో పుట్టినవాళ్ళకి అప్పుడూ లేదు, ఇప్పుడూ లేదు. మనకి సంబంధించినంత వరకు అది పూర్తిగా అడ్రసు తప్పిన ఉత్తరం.

దానికి వచ్చిన జవాబులే అసలు చరిత్ర. తిట్లు, వెక్కిరింతలు, పనిగట్టుకుని పంపిన భారీ ఫైళ్ళు... వాళ్ళకి కనెక్షన్ ఇచ్చిన చిన్న కంపెనీ మెయిల్ సర్వరు మళ్ళీ మళ్ళీ కుప్పకూలింది. చివరికి వాళ్ళ ఖాతా తీసేశారు. నార్వేలో ఒక ప్రోగ్రామరు వాళ్ళ పోస్టులు కనిపించినవి కనిపించినట్టు చెరిపేసే బాట్ రాశాడు. ఆ దంపతులేమైనా తగ్గారా? అదే ఏడాది, ఇంటర్నెట్‌లో డబ్బు సంపాదించడం ఎలాగని పుస్తకం వేశారు. 1997లో కాంటర్ లాయరు పట్టా టెన్నెసీలో రద్దయింది.

నేనిక్కడ ఒక్క విషయం దగ్గర ఆగిపోయాను. సర్వరు కూలింది ఆ లాయర్లది కాదు కదా? అదే కంపెనీలో కనెక్షన్ ఉన్న మిగతావాళ్ళు ఏం పాపం చేశారు? వాళ్ళ మెయిళ్ళు కూడా ఆగిపోయాయి. కోపంతో రాసిన జవాబు ఎవరికి తగలాలో వాళ్ళకి కొంచెమే తగిలింది, పక్కింటివాళ్ళకి బాగా తగిలింది.

ఇది 1997లో పూర్తిగా బయటపడింది. జో డోల్ అనే ఆయన జోస్ డాట్ కామ్ అని ఉచితంగా వెబ్ పేజీలు పెట్టుకోనిచ్చే సైటు నడిపేవాడు. స్పామ్‌తో ప్రచారం చేసుకుంటున్నాడని ఒకడి ఖాతా తీసేశాడు. వాడు కక్షకట్టి, జవాబులన్నీ జోకే వెళ్ళేలా అడ్రసు మార్చి, లోకమంతటికీ స్పామ్ పంపాడు. చదివినవాళ్ళు ఊరుకోలేదు, జోని తిట్టిపోశారు. ఆ తాకిడికి సైటు పడిపోయింది. స్పామ్ ఆపినవాడికి స్పామర్ల శిక్ష! అప్పట్నుంచి ఈ మోసానికి "జో జాబ్" అని పేరు.

ఇదెలా సాధ్యమైందో మన వృత్తివాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు గానీ, ఒక్క ముక్క. 1982లో జాన్ పోస్టెల్ రాసిన ఎస్‌ఎంటీపీలో "ఈ మెయిల్ ఫలానావాడి నుంచి" అని పంపేవాడే చెప్తాడు, సర్వరు నమ్ముతుంది. పోస్టుకార్డు మీద "ఇట్లు, ముఖ్యమంత్రి" అని ఎవరైనా రాసుకోవచ్చు, అలాగన్నమాట. పోస్టెల్ అమాయకుడేం కాదు. 1975లోనే జంక్ మెయిల్ సమస్య మీద ఒక ఆర్‌ఎఫ్‌సీ రాశాడు, నంబరు 706, అక్కర్లేని మెసేజీలు వద్దనే ఏర్పాటు మనకి లేదని. సమస్య ఆనాడే తెలుసు. కానీ అప్పుడు నెట్‌లో ఉన్నదంతా ఒకరికొకరు తెలిసిన మనుషులు, చిన్న ఊరిలాగా. తలుపుకి గొళ్ళెం ఎవరు పెడతారు? ఎస్‌పీఎఫ్, డీకిమ్, డీమార్క్ అని తర్వాత గొళ్ళేలు ఒక్కొక్కటే బిగించుకుంటూ వచ్చాం. పెద్ద ఎత్తున మెయిల్ పంపేవాళ్ళు అవన్నీ పెట్టుకోక తప్పదని గూగుల్, యాహూ పట్టుబట్టింది 2024 ఫిబ్రవరిలో. ఎస్‌ఎంటీపీ వచ్చిన 42 ఏళ్ళకి!

ఇక నవ్వుతూ జవాబివ్వడం ఒక కళగా తయారైంది నైజీరియా ఉత్తరాలతో. ఆ దేశపు శిక్షాస్మృతిలో మోసానికి సంబంధించిన సెక్షన్ నంబరు 419, మనం 420 అన్నట్టు వాళ్ళు 419 అంటారు. ఒక్క అంకె తేడాతో అన్నదమ్ములం. 2003లో 419ఈటర్ అని ఒక సైటు వచ్చింది. మోసగాడికి నమ్మినట్టే జవాబిచ్చి వాడి టైము తినెయ్యడం వాళ్ళ పని. అందులో అన్నిటికన్నా ప్రసిద్ధమైనది, ఒక మోసగాడి చేత కొయ్యతో కమోడోర్ 64 కంప్యూటరు చెక్కించడం. కీబోర్డు మీద అక్షరాలతో సహా చెక్కి పార్సెల్ చేశాడు పాపం. 2015లో జేమ్స్ వీచ్ అనే ఇంగ్లీషు హాస్య కళాకారుడు ఇలాంటి తన మెయిళ్ళ మీద టెడ్ ప్రసంగమే ఇచ్చాడు, మీలో చాలామంది చూసే ఉంటారు.

దీనికి శాస్త్రీయ సమర్థన కూడా దొరికింది. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు కార్మాక్ హర్లీ 2012లో ఒక పేపరు రాశాడు, నైజీరియా మోసగాళ్ళు నైజీరియా అని ఎందుకు చెప్పుకుంటారు అని. మెయిల్ పంపడం చవక, జవాబిచ్చినవాడితో రోజుల తరబడి మాట్లాడ్డం ఖరీదు. అందుకే కథ కావాలనే నమ్మశక్యం కాకుండా రాస్తారు, తెలివైనవాళ్ళు మొదటి లైనులోనే నవ్వుకుని పోతారు, మిగిలినవాడు డబ్బు కట్టే రకం. మనలాంటివాళ్ళు ఊరికే జవాబిస్తే వాడికి ఫాల్స్ పాజిటివ్‌లు పెరిగి వ్యాపారం గిట్టదు. ఈ పేపరు చదివాక నా గేదెకి ఎక్కడలేని ప్రతిష్ఠ వచ్చింది. నేను చేసేది టైంపాస్ కాదు, లోకకల్యాణం అనుకున్నాను.

2023లో ఓ సోమవారం మెయిల్ వచ్చింది. "మీరు షార్ట్‌లిస్ట్ అయ్యారు, గురువారం ఉదయం 10:30కి వీడియో ఇంటర్వ్యూ, ఈ ఫారం నింపి పంపండి." పేరు విన్న కంపెనీ కాదు. ఉద్యోగమిస్తాం, ముందు డిపాజిట్ కట్టండి అనే మెయిళ్ళు అప్పుడు రోజూ వస్తుండేవి, ఇదీ అదే బాపతనుకున్నాను. లంచ్ టైంలో టీమంతా చుట్టూ చేరి నవ్వుతుంటే ఫారం నింపాను. ప్రస్తుత జీతం: రెండు పూటలా భోజనం, పండక్కి పంచె. ఆశిస్తున్న జీతం: మూడు పూటలా భోజనం. నోటీస్ పీరియడ్: ఏడు జన్మలు. గురువారం కుదరదు, ఆ రోజు గేదెని డాక్టరుకి చూపించాలి.

బుధవారం జవాబు వచ్చింది. రెండే వాక్యాలు. మీ ధోరణి చూశాక మీ అప్లికేషన్ ఇంతటితో ముగిస్తున్నాం, ఇకముందు అప్లై చేయకండి.

డబ్బులడగలేదు. మోసగాడైతే అడగాలి కదా. అప్పుడు ఆ ఫారం మళ్ళీ తెరిచి చూశాను. పైన వాళ్ళే నింపిన గడులున్నాయి, నేను నవ్వుతూ కిందకి దాటేసినవి. కాలేజీ, 2022 పాసవుట్, ఫోన్ నంబరు. కాసేపు తిరిగి తిరిగి, మెట్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ చేశాను.

"హలో, ఫలానా గారేనాండీ?" నా పేరే నేను అడిగాను.

"అవునండీ, ఇంటర్వ్యూ గురించా సర్?" అన్నాడు.

చెప్పాను. మొత్తం చెప్పలేకపోయాను, గేదె దగ్గర ఆగిపోయాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత "పర్లేదన్నా, తప్పు నాదే, రెజ్యూమెలో మెయిల్ ఐడీ చివర అంకెలు పడలేదు. అందుకేనేమో ఎవరూ పిలవట్లేదు," అన్నాడు. ఏడాదిగా అదే రెజ్యూమె పంపుతున్నాడట. తిట్టినా బాగుండేది. నేనావేళే హెచ్చార్‌కి మెయిల్ రాశాను, మూడుసార్లు ఫోన్ చేశాను, తప్పు నాదని. ఆవిడ మర్యాదగానే మాట్లాడారు. స్లాట్ వేరేవాళ్ళకి ఇచ్చేశామన్నారు. పాత మెయిళ్ళు వెతికితే అతనివి ఇంకో రెండు దొరికాయి, నేను చదవకుండా డిలీట్ చేసి ఉంటే ఎన్ని పోయాయో.

ఆ తర్వాత కొయ్య కమోడోర్ కథ చదివినా ముందున్నంత నవ్వు రాలేదు. అలా ఆడుకునేవాళ్ళలో కొందరు మోసగాళ్ళని రోజుల తరబడి ప్రయాణం చేయించి, ఎవరూ లేని ఊళ్ళో దింపి, ఆ కబుర్లు గొప్పగా రాసుకున్నారు. అవతల ఉన్నది దొంగేలే అన్న ధీమా.

దొంగే అని ఎలా తెలుసు? ఈమధ్య మోసాలు నా ఇన్‌బాక్సులాగే అడ్రసు తప్పిన మెసేజ్‌తో మొదలవుతున్నాయి. "డాక్టర్ గారూ, నా కుక్కపిల్లకి ఇంకా జ్వరం తగ్గలేదు" అని వాట్సాప్‌లో ఎవరో పెడతారు. మనం మర్యాదగా "రాంగ్ నంబరండీ" అంటాం. అయ్యో సారీ, మీరు చాలా మంచివారు అంటూ స్నేహం, నెల తిరిగేసరికి క్రిప్టోలో పెట్టుబడి. ఇవి పంపేవాళ్ళలో చాలామంది బందీలు. మయన్మార్‌లో కనీసం లక్షా ఇరవై వేలు, కంబోడియాలో సుమారు లక్ష మంది చేత బలవంతంగా ఈ పని చేయిస్తున్నారని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కార్యాలయం 2023లో అంచనా వేసింది. 2024 మేలో విశాఖ పోలీసులు, డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి మన కుర్రాళ్ళని కంబోడియా పంపుతున్న ఏజెంట్లని అరెస్టు చేశారు. అక్కడికెళ్ళాక పాస్‌పోర్టు లాక్కోవడం, టార్గెట్ చేరకపోతే తిండి పెట్టకపోవడం, కొట్టడం. 2025 మార్చిలో మయన్మార్ నుంచి బయటపడ్డ 283 మందిని థాయిలాండ్ మీదుగా వైమానిక దళం విమానంలో తెచ్చారు, అందులో తెలుగువాళ్ళూ ఉన్నారు. షార్ట్‌లిస్ట్ అయ్యారన్న మెయిల్‌ని నమ్మి వెళ్ళినవాళ్ళు. వాళ్ళ టైము తినేస్తే టార్గెట్ తప్పేది యజమానికి కాదు.

హర్లీ లెక్క తప్పని కాదు. లెక్కలో యజమానికి నష్టమే. ఆ నష్టం ఎవరి వీపు మీద వసూలవుతుందన్నది ఆ పేపరులో లేదు, 2012లో ఉండే అవకాశమూ లేదు.

పోయిన నెల కుక్కపిల్ల జ్వరం మెసేజ్ నాకూ వచ్చింది. "మా గేదెకి కూడా" అని టైపు చేసి, చెరిపేసి, రిపోర్ట్ కొట్టి ఊరుకున్నాను. ప్లాట్ల కుర్రాడు మాత్రం ఇప్పటికీ దసరాకి శుభాకాంక్షలు పంపుతాడు, నేను గేదె తరఫున ధన్యవాదాలు చెప్తాను. అతను నిజంగానే ప్లాట్లమ్ముకునేవాడు, ఆఫీసుకెళ్ళి చూసొచ్చాను.

నా పేరు కుర్రాడికి ఎనిమిది నెలల తర్వాత పుణెలో టెస్టింగ్‌లో ఉద్యోగం వచ్చింది. రెజ్యూమె సరిచేశాడు గానీ మిగతాచోట్ల ఎక్కడెక్కడ నా ఐడీ ఇచ్చాడో అతనికే గుర్తులేదు. నిన్న కూడా వాళ్ళింటి కరెంటు బిల్లు నాకే వచ్చింది, 1,460 రూపాయలు, గడువు శుక్రవారం. ఫార్వర్డ్ చేశాను. "థాంక్సన్నా, గేదె బావుందా?" అని రాశాడు.